అడవి పిల్లులతో ఫోటోలు విజ్ఞానం కాదు: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, వారాంతపు తెలుగు బడుల నిర్వాహకులకు, పిల్లల కార్యక్రమాలు చూసుకునే వాలంటీర్లకు,

నమస్కారం. ఉద్యోగాలు, సంసారాలు చూసుకుంటూ కూడా శని ఆదివారాలు మన పిల్లల కోసం వెచ్చిస్తున్నారు. ఆ శ్రమ నాకు తెలుసు, నేనూ తెలుగు బడిలో పాఠాలు చెప్పేదాన్నే. ఎవరినీ బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. అందుకే మా ఊరి పేరు, సంఘం పేరు, ప్రదర్శన ఇచ్చిన కంపెనీ పేరు ఇందులో ఉండవు. లోపల అడిగితే జవాబు రాలేదు కాబట్టి నలుగురిలో అడుగుతున్నాను.

గత ఏడాది మా దగ్గర ఉగాది వేడుకల్లో పిల్లల కోసం "వన్యప్రాణి విజ్ఞాన ప్రదర్శన" పెట్టారు. హైస్కూల్ కెఫెటీరియా అద్దెకు తీసుకున్నారు. పక్క హాల్లో డాన్సుల రిహార్సల్, స్పీకర్లు హోరెత్తిపోతున్నాయి. ఇక్కడ బోనుల్లో ఒక కూగర్ (పూమా అని కూడా పిలిచే అమెరికా పెద్ద అడవి పిల్లి), ఒక బాబ్‌క్యాట్ (పొట్టి తోక అమెరికా అడవి పిల్లి), మెడకు పట్టీ వేసిన ఒక సర్వల్. సర్వల్ అంటే ఆఫ్రికా గడ్డి మైదానాల్లో ఉండే పొడుగు కాళ్ల, పెద్ద చెవుల అడవి పిల్లి. దాన్ని కింద కూర్చున్న పిల్లల వరసల మధ్య నుంచి నడిపించారు. ఆ తర్వాత దాని పక్కన నిలబడి ఫోటో దిగడానికి డబ్బులు తీసుకున్నారు. లైన్లో తోపులాట మొదలైంది. నాలుగేళ్ల బాబు ఒకడు తోక పట్టుకోబోయాడు. అది చెవులు వెనక్కి అణిచి, బుసకొట్టి, పంజా విసిరింది. పట్టీ పట్టుకున్నతను చటుక్కున వెనక్కి లాగబట్టి గోరు తగల్లేదు. "అలసిపోయింది, అంతే" అన్నాడతను. ఫోటోల లైను మాత్రం ఆగలేదు.

ఆ బాబు తల్లిదండ్రులతో మాట్లాడి, కార్యవర్గానికి ఈమెయిల్ రాశాను. ఆ కంపెనీ లైసెన్సు ఎవరు చూశారు? ప్రమాదం జరిగితే బీమా ఎవరిది? పిల్లలకూ జంతువుకూ మధ్య ఎంత దూరం ఉండాలని ఒప్పందంలో రాసుకున్నారు? ఇవే నా ప్రశ్నలు. జవాబు రాలేదు. జనరల్ బాడీ మీటింగులో లేచి అడిగితే, "పిల్లలు ఎంజాయ్ చేశారు కదండీ, ఎవరికీ ఏమీ కాలేదు కదా" అన్నారు. ఈ ఏడాది దీపావళి ఫ్లయర్‌లో మళ్లీ అదే ప్రదర్శన ఉంది. ఈసారి "బిగ్ క్యాట్స్‌తో ఫోటో" అని పెద్ద అక్షరాలతో వేశారు. వేరే రాష్ట్రాల్లో ఉన్న స్నేహితులను కనుక్కుంటే తమ దగ్గరా పుట్టినరోజు పార్టీల్లో, బడి ఉత్సవాల్లో ఇలాంటివి చూశామన్నారు. అందుకే ఈ లేఖ ఒక్క సంఘానికి కాకుండా అందరికీ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి చూద్దాం. 2022 డిసెంబర్ 20న అమెరికాలో బిగ్ క్యాట్ పబ్లిక్ సేఫ్టీ యాక్ట్ వచ్చింది. సింహం, పులి, చిరుత, మంచు చిరుత, క్లౌడెడ్ లెపర్డ్, జాగ్వార్, చీతా, కూగర్, వీటి సంకర జాతులు దీని కిందికి వస్తాయి. లైసెన్సున్న ప్రదర్శకులు కూడా వీటిని జనం చేత ముట్టించకూడదు. పిల్ల కూన అయినా సరే. ప్రదర్శన సమయంలో జనం కనీసం 15 అడుగుల దూరంలో ఉండాలి, లేదా తాకడానికి వీల్లేని శాశ్వతమైన అడ్డు ఉండాలి. కెఫెటీరియాలో అడ్డంగా పెట్టిన మడత బల్ల శాశ్వతమైన అడ్డు ఎలా అవుతుంది? ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తే 20,000 డాలర్ల వరకు జరిమానా, 5 ఏళ్ల వరకు జైలు ఉండవచ్చు. మన ఫ్లయర్‌లో వేసిన "బిగ్ క్యాట్స్‌తో ఫోటో"లో ఆ క్యాట్ కూగరే అయితే, మనం ఏం ప్రకటిస్తున్నామో ఒక్కసారి ఆలోచించండి.

ఈ చట్టంలో పెద్ద ఖాళీ ఒకటుంది. సర్వల్, కారకల్, బాబ్‌క్యాట్, ఆసెలాట్ లాంటి మధ్యరకం అడవి పిల్లులు ఆ జాబితాలో లేవు. వాటి విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం. అందుకే ఇలాంటి ప్రదర్శనల్లో పట్టీ వేసి జనం మధ్యకు తెచ్చేది ఎక్కువగా వీటినే. చట్టం పేరు చెప్పలేదు కాబట్టి ప్రమాదం లేదని అనుకుంటే పొరపాటు. సర్వల్ నిలబడిన చోటు నుంచే దాదాపు 9 అడుగుల ఎత్తుకు ఎగిరి గాల్లో పిట్టను పట్టగలదు. మన పిల్లల ముఖాలు దానికి ఎంత ఎత్తులో ఉంటాయో చెప్పనక్కర్లేదు.

ఇలాంటి ప్రదర్శనల వల్ల మామూలు కుటుంబాలకు జరిగే నష్టం ఏమిటో చెబుతాను.

1. దెబ్బ తగిలేది టికెట్ కొన్నవాళ్లకే. ఈ జంతువులు మనిషి చేతుల్లో పెరిగి ఉండొచ్చు, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పొచ్చు. అంతమాత్రాన పెంపుడు జంతువులైపోవు. ఊరపిల్లి మనుషుల మధ్య బతకడం నేర్చుకున్నది వేల ఏళ్లలో. బోనులో పుట్టినంత మాత్రాన కూగర్‌కు ఆ గుణం రాదు. వీటికి చిన్నపిల్లలు మనుషుల్లా కనిపించకపోవచ్చు. కింద కూర్చున్న పిల్ల, పరుగెత్తే పిల్ల, వీపు తిప్పిన పిల్ల వాటి కంటికి వేటలా కనబడే అవకాశం ఉంది. 2005 ఆగస్టులో కాన్సాస్ రాష్ట్రంలో 17 ఏళ్ల హైస్కూల్ అమ్మాయి సీనియర్ ఇయర్ ఫోటో కోసం ఒక పులి పక్కన నిలబడింది. శిక్షకుడు పులిని పట్టుకునే ఉన్నాడు. అయినా ఆ అమ్మాయి ప్రాణం దక్కలేదు. "మనిషి పట్టుకునే ఉంటాడు కదా" అనే మాట నాకు చెప్పినప్పుడల్లా ఆ అమ్మాయే గుర్తొస్తుంది.

మన వేడుకలకు ఊరి నుంచి అమ్మమ్మలు, తాతయ్యలు కూడా వస్తారు. వాళ్లలో చాలామంది మీద ఉండేది పరిమితమైన విజిటర్ ఇన్సూరెన్స్. ముఖం మీద గాటు పడి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, కుట్లు వేస్తే, రేబిస్ ఇంజెక్షన్ల కోర్సు మొదలుపెడితే ఆ బిల్లు ఎవరు కడతారు? సంఘం తీసుకున్న ఈవెంట్ బీమాలో అడవి జంతువుల వల్ల జరిగే ప్రమాదాలను కవర్ చేస్తున్నారో లేదో మీలో ఎవరైనా చదివారా? ఈ ప్రశ్నకు సమాధానం కాగితం మీద కావాలి.

2. చిన్న గాటైనా ఆ జంతువు ప్రాణం మీదికి వస్తుంది. అమెరికాలో అడవి పిల్లి జాతులకు లైసెన్సున్న రేబిస్ టీకా లేదు. కుక్కలకో ఊరపిల్లులకో వేసే టీకానే కొందరు వేస్తారు గానీ, ఆరోగ్య శాఖ దాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. ఇలాంటి జంతువు మనిషిని కరిస్తే దాన్ని చంపి మెదడు పరీక్షించమని అధికారులు ఆదేశించవచ్చు. తోక పట్టుకోవాలని చూసిన నాలుగేళ్ల పిల్లాడి తప్పేమీ లేదు. జనం హోరు మధ్య బెదిరి పంజా విసిరిన సర్వల్ తప్పూ లేదు. కానీ ఆ రోజు పన్ను దిగి ఉంటే ఒకరు ఆస్పత్రికి, ఇంకొకరు చావుకు వెళ్లేవారు. వాళ్లిద్దరినీ అంత దగ్గరగా నిలబెట్టింది పెద్దలమైన మనం.

3. విజ్ఞానం పేరుతో పిల్లలు తప్పు నేర్చుకుంటున్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఆ రోజు ప్రదర్శనలో సర్వల్ ఏం తింటుంది, ఎక్కడ బతుకుతుంది అన్న మాటలు రెండు మూడు నిమిషాల్లో ముగిశాయి. ఆ జంతువు ఎక్కడ పుట్టింది, దాని తల్లి ఏమైంది, రేపు ముసలిదైతే ఎక్కడుంటుంది అని ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చే దారిలో నా విద్యార్థి ఒకడు వాళ్ల నాన్నను "దీని ఖరీదెంత, మనం కొనుక్కోవచ్చా" అని అడిగాడట. ఆ పిల్లాడిని తప్పుపట్టను. చూపించిన దాన్నే అర్థం చేసుకున్నాడు. 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఇలాంటిదే చెప్పింది. గొరిల్లాలు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని ఎక్కువమందికి తెలుసు గానీ, చింపాంజీల విషయంలో అలా అనుకునేవాళ్లు తక్కువ. టీవీల్లో, ప్రకటనల్లో, సినిమాల్లో అవి తరచూ కనిపించడమే అందుకు చాలామంది చెప్పిన కారణం. మనుషుల మధ్య కనిపించే జంతువుకు కష్టమేమీ లేదని చూసేవాళ్లు అనుకుంటారు.

తెల్ల పులి విషయం ఇంకా ఘోరం. దాన్ని "అంతరించిపోతున్న అరుదైన జాతి" అని చెప్పి డబ్బు చేసుకునే ప్రదర్శనలు ఉన్నాయి. తెల్ల పులి వేరే జాతి కాదు. 1951లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో దొరికిన మోహన్ అనే పులి కూన సంతతిని వాటిలో వాటికే దాటించి పెంచుతూ వచ్చారు. ఆ మోహన్ కూతురు మోహిని 1960 డిసెంబర్‌లో వాషింగ్టన్ జూకి వచ్చింది. తెల్ల రంగునిచ్చే జన్యువు వల్ల ఈ పులుల్లో చాలా వాటికి మెల్లకన్ను వస్తుంది, దగ్గరి రక్తసంబంధాల వల్ల ఇతర లోపాలూ వస్తాయి. మంచి పేరున్న జూల సంఘం ఏజెడ్‌ఏ 2011లోనే తెల్ల పులుల్ని కావాలని పుట్టించవద్దని తన సభ్యులకు చెప్పింది. మన దేశం నుంచి వచ్చిన జంతువు గురించి మన పిల్లలకే అబద్ధం చెబుతుంటే మనం డబ్బులిచ్చి చప్పట్లు కొడుతున్నాం.

చిరుత అంటే ఏమిటో మన రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో తల్లిదండ్రులతో కొండ ఎక్కుతున్న ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది. ఆ తర్వాత పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు సమయాలు మార్చారు, భక్తులకు కర్రలు ఇచ్చారు. నల్లమల చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు, మేకలు కాసుకునేవాళ్లు పులినీ చిరుతనూ గౌరవిస్తూ, దూరం పాటిస్తూ బతుకుతున్నారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇక్కడ పట్టీ వేసిన అడవి పిల్లితో సెల్ఫీ దిగి అదే పాఠమనుకుంటే, రేపు సెలవులకు ఊరెళ్లినప్పుడు ఏ బోను దగ్గర ఎలా ప్రవర్తిస్తారు? 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో ఒక వ్యక్తి సింహం ఎన్‌క్లోజర్‌లోకి దిగి ప్రాణం పోగొట్టుకున్న సంగతి మనందరం చదివాం.

4. ఫోటో వెనక ఏముందో టికెట్ మీద రాయరు. జనంలోకి తేవడానికి పనికొచ్చేలా చేయాలని కూనలను పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి వేరు చేస్తారు. కొత్త చట్టం రాకముందు పులి కూనలను చేతికిచ్చే వ్యాపారంలో అవి పనికొచ్చేది కొన్ని వారాలే. 12 వారాలు దాటితే ప్రమాదం కాబట్టి పక్కన పెట్టేసేవారు, కొత్త కూనలను పుట్టించేవారు. కొందరు గోళ్లు తీయిస్తారు. గోరు తీయడమంటే కత్తిరించడం కాదు, వేలి చివరి ఎముకను కోసేయడం. ప్రదర్శన కోసం అడవి జంతువుల గోళ్లు, కోరలు తీయించడం సరైన వైద్యం కాదని అమెరికా వ్యవసాయ శాఖ 2006లోనే చెప్పింది. "భయం లేదండీ, గోళ్లు తీసేశాం" అని ఎవరైనా చెబితే ఆ కంపెనీని పిలవకపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

5. ఎవరో ఒకరి సరదాకు మూల్యం చెల్లించేది ఊరంతా. 2011 అక్టోబర్‌లో ఒహాయో రాష్ట్రం జేన్స్‌విల్‌లో ఒక వ్యక్తి తన దగ్గరున్న 56 జంతువుల్లో చాలావాటి బోనులు తెరిచి ఆత్మహత్య చేసుకున్నాడు. పోలీసులు రాత్రంతా వాటిని కాల్చాల్సి వచ్చింది. చనిపోయిన వాటిలో 18 పులులు, 17 సింహాలు ఉన్నాయి. బడులు మూసేశారు, జనం ఇళ్లలోంచి కదల్లేదు. మన వేడుకకు ఒక పూట వచ్చే జంతువు మిగతా ఏడాదంతా ఎవరి పెరట్లో, ఎలాంటి కంచె వెనక ఉంటుందో మనకు తెలియాలి కదా?

"మరి పిల్లలు జంతువులను చూడొద్దా?" అని నన్ను అడిగారు. చూడాలి, దగ్గరగా కూడా చూడాలి. నేను జూలకు వ్యతిరేకిని కాను. సిన్సినాటి జూలో 1980 నుంచి క్యాట్ అంబాసిడర్ కార్యక్రమం ఉంది. అక్కడ చీతా కంచె లోపల పరుగెత్తుతుంది, జనం బయట కూర్చుని చూస్తారు. అక్కడి సారా అనే చీతా 2012లో 100 మీటర్లను 5.95 సెకన్లలో పరుగెత్తింది. ఆ కార్యక్రమం ద్వారా వచ్చే విరాళాలు అడవిలో ఉన్న చీతాల రక్షణకు వెళ్తాయి. చీతా ఎలా పరుగెత్తుతుందో చూశాక ఆ పిల్లలకు దాన్ని ముట్టుకోవాల్సిన అవసరం కనబడదు. విజ్ఞాన ప్రదర్శన అనేది ఇలా ఉంటుంది.

మన దేశమే ఈ విషయంలో ముందు నడిచింది. సర్కస్‌లలో పులులు, సింహాలు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలు ఆడించకూడదని 1998లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ సర్కస్ సింహాలకు, పులులకు ఆశ్రయమిచ్చిన రక్షణ కేంద్రాల్లో రెండు మన విశాఖపట్నంలో, తిరుపతిలోనే ఉన్నాయి. వాటిని మళ్లీ పిల్లలు కననివ్వకుండా, ఆటలాడించకుండా, చివరి దాకా తిండిపెట్టి చూసుకున్నారు. మన తెలుగు బడిలో ఒక పూట చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

ఇంకొకటి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో, కృష్ణా నది సముద్రంలో కలిసే చోట బావురు పిల్లి ఉంటుంది. నీళ్లలో ఈది చేపలు పట్టే అడవి పిల్లి. మడ అడవులు పోయేకొద్దీ దాని బతుకు ఇరుకవుతోంది. చేపల చెరువుల దగ్గర మనుషులతో దానికి పేచీ కూడా వస్తోంది. మన పిల్లల్లో ఎంతమందికి దాని పేరు తెలుసు? కోరింగలో పనిచేసే అటవీ ఉద్యోగినో, పరిశోధకుడినో వీడియో కాల్‌లోకి పిలిచి, కెమెరా ట్రాప్‌లలో (జంతువు కదిలితే తానే ఫోటో తీసే అడవి కెమెరాల్లో) పడిన బొమ్మలు చూపిస్తూ మాట్లాడించండి. మా తరగతిలో ఇలాంటి పాఠం ఒకటి పెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఏ సంఘమైనా అడిగితే ఆ పాఠం ఉచితంగా ఇస్తాను.

ఇక మా కోరికలు. దీపావళి కార్యక్రమంలోని "బిగ్ క్యాట్స్‌తో ఫోటో" అంశాన్ని వెంటనే రద్దు చేయండి. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే తిరిగి ఇచ్చేయండి. అడ్వాన్స్ పోతుందనే బాధ ఉంటే, ఆ మొత్తం చందాగా వేసుకోవడానికి మాలో కొందరం ముందుకొస్తాం.

ఆపైన ప్రతి సంఘమూ తన నియమావళిలో ఒక మాట రాసుకోవాలి: మా వేడుకలకు ఏ అడవి పిల్లినీ తీసుకురాము, అది చట్టం జాబితాలో ఉన్నా లేకపోయినా. పిల్లలను జంతువుల దగ్గరికి తీసుకెళ్లాలనుకుంటే ఏజెడ్‌ఏ గుర్తింపు ఉన్న జూకి బస్సు వేయండి. జంతు ప్రదర్శనలకు అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే లైసెన్సు చూపించగానే సరిపోదు. లేచి తిరగడానికి చోటు, తిండి, నీళ్లు, వైద్యం లాంటి కనీస అవసరాలకే ఆ లైసెన్సు హామీ. లైసెన్సున్న ప్రదర్శకుల్లో ఏజెడ్‌ఏ గుర్తింపు ఉన్నవి పది శాతం కన్నా తక్కువ. ఆ శాఖ తనిఖీ నివేదికలు వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఏ కంపెనీతోనైనా, ఏ జంతువు విషయంలోనైనా ఒప్పందం చేసుకునే ముందు ఒక కార్యవర్గ సభ్యుడు వాటిని చదివి, చదివానని సంతకం పెట్టాలి.

గత ఏడాది ఉగాది రోజు ఎవరు అనుమతి ఇచ్చారు, బీమా పత్రంలో ఏముంది అన్నది సభ్యులందరికీ చూపించాలి. ఇది ఎవరినీ దోషిగా నిలబెట్టడానికి అడగడం లేదు. సభ్యత్వ రుసుము కట్టిన ప్రతి కుటుంబానికీ తెలుసుకునే హక్కు ఉంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఇలాంటి ప్రదర్శనకు పిల్లలను తీసుకెళ్లాల్సి వస్తే, ఫోటో లైన్లో నిలబడకండి. జంతువు ఎక్కడి నుంచి వచ్చిందని గట్టిగా అడగండి. 15 అడుగుల లోపల పులి, సింహం, చిరుత, కూగర్ కనబడితే యూఎస్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్‌కు ఫిర్యాదు చేయండి. మన వాళ్లేగా అని మొహమాటపడకండి.

కార్యవర్గం తరఫున లెటర్‌హెడ్ మీద జవాబు కోరుతున్నాను. దీపావళి టికెట్ల అమ్మకం మొదలవకముందే అది రావాలి. రాకపోతే ఇదే లేఖను ఫ్లయర్‌తో కలిపి సంబంధిత అధికారులకు, మీరు హాలు అద్దెకు తీసుకుంటున్న స్కూల్ డిస్ట్రిక్ట్‌కు పంపుతాను. అంతదాకా రానివ్వరని నమ్ముతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు బడి టీచరు, ఇద్దరు పిల్లల తల్లి